బోయర్ యుద్ధం బంగారం కోసమేనా? ఒక గనుల ఇంజనీరు జవాబు

మీరు అడిగింది ఇదీ: 1899లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళకీ, అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి బోయర్లకీ జరిగిన యుద్ధం బంగారు గనుల కోసమేనా? రెండు వైపులా తెల్లవాళ్ళే అయినప్పుడు అంతలా ఎందుకు కొట్టుకున్నారు? అమెరికాలో టీ పన్ను మీద తిరగబడ్డట్టు ఇదీ పన్నుల గొడవేనా? మన తెలుగువాళ్ళకి ఏమైనా సంబంధం ఉందా?

ముందే చెప్పేస్తాను, నేను చరిత్ర మాస్టారిని కాను. పదహారేళ్ళు సింగరేణి బొగ్గు బాయిల్లో పనిచేసి, ఆ తర్వాత ఏడేళ్ళు జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల బంగారు గనుల్లో ఉద్యోగం చేశాను. అక్కడ ఏ దిక్కు చూసినా ఊరి అంచున పసుపుపచ్చ గుట్టలు కనిపిస్తాయి. అవి కొండలు కావు, వందేళ్ళుగా రాయి పిండి చేసి బంగారం తీసుకున్నాక పారబోసిన పొడి. గాలివాన ముందు ఆ పొడి లేచి ఆరేసిన బట్టల మీద పడుతుంది. మా ఆవిడ తిట్టుకుంటూ దులిపేది. నేనేమో ఈ గుట్టల కోసమేనా అన్ని వేల మంది చచ్చింది అనుకుంటూ ఉండేవాణ్ణి. చదవడం అలా మొదలైంది.

సూటిగా జవాబు: బంగారాన్ని చేజిక్కించుకోవడానికి చేసిన యుద్ధం కాదు. కానీ బంగారం బయటపడకపోయి ఉంటే ఈ యుద్ధం జరిగేదీ కాదు. అసలు పేచీ దక్షిణాఫ్రికా మొత్తం మీద ఆఖరి మాట ఎవరిది అన్నది. లండన్‌దా, బోయర్ల రాజధాని ప్రిటోరియాదా? బంగారం వచ్చి తక్కెడని ప్రిటోరియా వైపు మొగ్గేలా చేసింది. అది పూర్తిగా ఒరిగిపోకముందే లండన్ చెయ్యి వేసింది.

"బంగారం కోసమే" అనేది ఎందుకు సరిపోదంటారా? 1886లో ట్రాన్స్‌వాల్ అనే బోయర్ రాజ్యంలో, నేటి జొహానెస్‌బర్గ్ చుట్టూ ఉన్న విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారు పొర దొరికింది. పదేళ్ళు తిరిగేసరికి గనులన్నీ బ్రిటిష్, జర్మన్, ఫ్రెంచ్ పెట్టుబడిదారుల చేతుల్లోనే ఉన్నాయి. తవ్విన బంగారం ఓడెక్కి లండన్‌కే పోయేది. 1898 నాటికి ప్రపంచంలో వచ్చే బంగారంలో నాలుగో వంతుకు పైగా ట్రాన్స్‌వాల్‌దే. అంతా అప్పటికే ఇంటికి వస్తున్నప్పుడు, దాని కోసం లక్షల మంది సిపాయిల్ని దింపాల్సిన పనేముంది?

అయినా గని యజమానులకి బోయర్ సర్కారంటే ఒళ్ళుమంట. ఎందుకో చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ, బాయి పని తెలిసినవాడికి అదే అన్నింటికన్నా బాగా అర్థమవుతుంది. బొగ్గుకి ఖర్చు పెరిగితే నేడో రేపో ధర పెంచుకోవచ్చు. బంగారానికి ఆ రోజుల్లో ధర పెరగదు. స్వచ్ఛమైన బంగారం ఔన్సుకి సుమారు 85 షిల్లింగులు, అంతే. ఎంత కష్టపడి తీసినా, ఎంత సులువుగా తీసినా అదే ధర. పైగా విట్‌వాటర్స్‌రాండ్ పొర మందం తక్కువ, టన్ను రాయికి వచ్చే బంగారం గ్రాముల్లోనే. పొర ఏటవాలుగా దక్షిణం వైపు దిగిపోతుంది. పైపైన ఉన్నది అయిపోయాక లోతుకి షాఫ్ట్, అంటే నిలువు బాయి, దింపాలి. మొదటి టన్ను రాయి పైకి రావడానికే ఏళ్ళు పట్టేది, అప్పటిదాకా డబ్బు పొయ్యడమే. కాబట్టి లాభం ఉన్నదల్లా ఖర్చు తగ్గించడంలోనే ఉంది.

ఖర్చేమో మూడు చోట్ల. మందుగుండు, రైలు, కూలీ.

మందుగుండు సంగతి చూడండి. డైనమైట్ అమ్మే హక్కుని ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ సర్కారు ఒకే కంపెనీకి గుత్తగా ఇచ్చింది. బయట నుంచి తెప్పించుకుంటే పడే ధరకి రెట్టింపుకు దగ్గరగా అక్కడ పెట్టె ధర ఉండేది. గట్టి రాతిలో బొగ్గులా కాదు, అడుగడుగునా పేల్చాల్సిందే. సింగరేణిలో నేను మందుగుండుకి ఇండెంట్ రాసేటప్పుడు ఒక్కో షాట్‌కి ఎంత పడుతుందో లెక్క కట్టేవాళ్ళం. రాతి గనిలోకి వెళ్ళాక ఆ అంకె చూసి కళ్ళు తిరిగాయి. దాని మీద రెట్టింపు ధర అంటే ఆ యజమానులకి ఎలా కాలి ఉంటుందో ఊహించగలను. తమాషా ఏమిటంటే, 1897లో క్రూగర్ సర్కారే వేసిన విచారణ సంఘం కూడా గనులవాళ్ళ మొరలో చాలావరకు న్యాయం ఉందనే తేల్చింది. ముసలాయన పెద్దగా పట్టించుకోలేదు.

రైలు గొడవ ఇంకా సొగసుగా ఉంటుంది. దక్షిణాన బ్రిటిష్ వలస అయిన కేప్ కాలనీ నుంచి వచ్చే రైలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటాక జొహానెస్‌బర్గ్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. ఆ ముక్క డచ్చి పెట్టుబడితో నడిచే కంపెనీది, క్రూగర్ కనుసన్నల్లో ఉండేది. 1895లో ఆ 80 కిలోమీటర్లకీ సరుకు రేటు దాదాపు మూడింతలు చేశారు. ఎందుకంటే అప్పుడే పోర్చుగీసు వాళ్ళ డెలగోవా బే రేవుకి, అంటే నేటి మపూటోకి, క్రూగర్ సొంత రైలు మార్గం సిద్ధమైంది. బ్రిటిష్ నేల తగలకుండా సముద్రానికి పోయే దారి అది. వ్యాపారులు తక్కువ తిన్నారా? వాల్ నది ఒడ్డున సరుకు దింపి, ఎడ్లబండ్లకెక్కించి, నది రేవుల్లో దాటించి జొహానెస్‌బర్గ్ చేర్చారు. క్రూగర్ ఆ రేవులు మూసేశాడు. లండన్‌లో వలసల మంత్రిగా ఉన్న జోసెఫ్ చాంబర్లేన్ యుద్ధమే అన్నట్టు బెదిరించాక మళ్ళీ తెరిచాడు. ఎడ్లబండ్ల కోసం సామ్రాజ్యం కత్తి దూయబోయింది!

ఇక కూలీ. ఆ గనుల్లో రాయి కొట్టింది తెల్లవాళ్ళు కాదు. యుద్ధం ముందు దాదాపు లక్ష మంది నల్లజాతి కూలీలు అక్కడ పనిచేసేవారు. ధర పెంచలేనివాడు ఎవడి పొట్ట కొడతాడో మీకు తెలుసు. 1896, 1897లో వాళ్ళ కూలీ తగ్గించారు. పాస్ చట్టం (నల్లవాళ్ళు అనుమతి కాగితం దగ్గర ఉంచుకోవాలన్న చట్టం) గట్టిగా అమలు చేసి, పారిపోయిన కూలీని పట్టి తెమ్మని క్రూగర్ సర్కారుని వేధించేవారు. "స్వేచ్ఛ లేదు, హక్కులు లేవు" అని బ్రిటిష్ యజమానులు పెట్టిన గోలలో ఇది కూడా ఒక డిమాండ్ అని మర్చిపోవద్దు.

ఇన్ని ఫిర్యాదులున్నా యజమానులంతా యుద్ధం కోరారని చెప్పలేం. లోతు గనుల్లో భారీగా పెట్టుబడి పెట్టిన సెసిల్ రోడ్స్, ఆల్‌ఫ్రెడ్ బైట్ లాంటివాళ్ళు 1895 డిసెంబరు 29న జేమ్సన్ అనే అనుచరుణ్ణి అయిదారు వందల మంది గుర్రపు సైన్యంతో ట్రాన్స్‌వాల్ మీదికి పంపారు. జొహానెస్‌బర్గ్‌లో తిరుగుబాటు లేస్తుందని వాళ్ళ అంచనా. అది లేవలేదు. ప్రిటోరియాకి కబురు వెళ్ళకుండా టెలిగ్రాఫ్ తీగ కత్తిరించమంటే, తాగిన మత్తులో ఒక రైతు కంచె తీగ కత్తిరించి వచ్చారని చెప్పుకుంటారు. జనవరి 2న డూర్న్‌కాప్ దగ్గర చేతులెత్తేశారు. జె.బి. రాబిన్సన్ లాంటి ఇతర గని ఆసాములు ఈ కుట్రకి దూరంగా ఉన్నారు. 1899లో కూడా సర్కారుకీ గనులవాళ్ళకీ మధ్య రాజీ మాటలు నడిచాయి. డబ్బున్నవాడికి యుద్ధమంటే గని మూతపడటం. అది వాడికి తెలియదా?

మరి ఎవరికి కావాలి యుద్ధం? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బోయర్ అంటే వాళ్ళ భాషలో రైతు. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కేప్‌లో ఓడలకి కూరగాయలు, నీళ్ళు అందించే మజిలీ పెట్టింది. అక్కడ స్థిరపడిన డచ్చివాళ్ళు, జర్మన్లు, ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ల సంతతి వీళ్ళు. 1795లో ఒకసారి, 1806లో మళ్ళీ బ్రిటన్ కేప్‌ని పట్టుకుంది. 1834లో బానిసత్వం రద్దయింది. కేప్‌లో 35 వేలకు పైగా బానిసలుండేవారు. యజమానులకి నష్టపరిహారం ఇస్తామన్నారు గానీ అది విలువ కట్టినదాంట్లో సగం కూడా లేదు, అదీ లండన్‌లో తీసుకోవాలి. ఎక్కడో కరూ అనే ఎండు మైదానంలో గొర్రెలు కాసుకునేవాడు లండన్ ఎలా పోతాడు? దళారులకి కాగితం తెగనమ్ముకున్నాడు. ఇలాంటి కోపాలతో, సరిహద్దు పోరాటాలతో విసిగి, కొత్త మేతభూముల ఆశతో వేలాది మంది బళ్ళు కట్టుకుని ఉత్తరానికి వలసపోయారు. బానిసత్వం పోవడం కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటని గుర్తుంచుకోండి. 1858 నాటి ట్రాన్స్‌వాల్ రాజ్యాంగం, చర్చిలోగానీ రాజ్యంలోగానీ నల్లవాళ్ళకి తెల్లవాళ్ళతో సమానత ఉండదని అచ్చంగా రాసుకుంది. స్వాతంత్ర్య వీరులని చదివేటప్పుడు ఈ పేజీ కూడా తిప్పాలి.

బ్రిటన్ మొదట వాళ్ళని వదిలేసింది. 1852లో ట్రాన్స్‌వాల్‌నీ, 1854లో రెండో బోయర్ రాజ్యమైన ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌నీ గుర్తిస్తూ ఒప్పందాలు రాసింది. అంత దూరం పాలించడం ఖర్చు దండగ అనుకుంది. 1867లో వజ్రాలు దొరికాయి. 1871లో కింబర్లీ ప్రాంతాన్ని కలిపేసుకుంది. 1877లో ట్రాన్స్‌వాల్‌నే కలిపేసుకుంది.

మీ టీ పన్ను ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. అమెరికాలో కూడా బ్రిటన్ చాలాకాలం చూసీ చూడనట్టు ఉండి, 1763లో ఏడేళ్ళ యుద్ధం ముగిశాక అప్పులు తీర్చుకోవడానికి పగ్గం లాగింది. 1765లో స్టాంపు పన్ను వచ్చింది. 1773 టీ చట్టం వల్ల నిజానికి టీ చవకైంది, అయినా పెట్టెలు సముద్రంలో పడేశారు. పన్ను ఎంత అన్నది కాదు వాళ్ళకి, వేసేవాడెవడు అన్నది. ట్రాన్స్‌వాల్‌లోనూ అచ్చం అలాగే జరిగింది. 1880 నవంబరులో పోచెఫ్‌స్ట్రూమ్‌లో బెజైడెన్‌హౌట్ అనే రైతు పన్ను బాకీ కింద అతని బండిని వేలం వెయ్యబోయారు. తుపాకులు పట్టుకుని తోటి బోయర్లొచ్చి బండి లాక్కెళ్ళారు. డిసెంబరుకి యుద్ధం. 1881 ఫిబ్రవరి 27న మజూబా కొండ మీద బ్రిటిష్ దండు చిత్తుగా ఓడింది. వదిలేసిన పగ్గం మళ్ళీ లాగినప్పుడు వలస జనం తిరగబడతారు. పుట్టిన దగ్గర నుంచీ బిగువుగా ఉన్న పగ్గం అయితే ఇంత గోల ఉండకపోవచ్చు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళుంటే చెప్పండి.

మజూబా తర్వాత రాసుకున్న కాగితాల్లోనే తర్వాతి యుద్ధానికి విత్తనం పడింది. 1881 ప్రిటోరియా ఒప్పందంలో బోయర్లకి స్వపరిపాలన ఇస్తూనే బ్రిటిష్ రాణికి "అధిరాజ్యాధికారం", అంటే వాళ్ళ మీద పైచెయ్యి, ఉంటుందని రాశారు. 1884 లండన్ ఒప్పందంలో ఆ మాట తీసేశారు. కానీ ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌తో తప్ప వేరే దేశాలతో ఒప్పందం చేసుకోవాలంటే బ్రిటన్ ఆమోదం కావాలన్న నాలుగో నిబంధన ఉంచారు. మాట తీసేశారు కాబట్టి మేం స్వతంత్రులం అన్నాడు క్రూగర్. కాదు, ఉన్నట్టే లెక్క అన్నాడు చాంబర్లేన్. మన దగ్గర పంపకాల దస్తావేజులో ఒక్క మాట విడిచిపెట్టి రాసుకుని మూడు తరాలు కోర్టు చుట్టూ తిరిగే అన్నదమ్ముల్ని చూడలేదూ?

అప్పటికి ట్రాన్స్‌వాల్ పేద దేశం, కాబట్టి మాట ఎలా ఉన్నా నడిచిపోయింది. రెండేళ్ళకే బంగారం! ఖజానా నిండింది. సొంత రైలు, సొంత రేవు దారి, జర్మనీ నుంచి తుపాకులు. జేమ్సన్ ఓడగానే జర్మన్ చక్రవర్తి అభినందనల టెలిగ్రాం కొట్టాడు. 1896లో లండన్‌లో ఉపమంత్రి సెల్‌బోర్న్ రాసిన నివేదికలో భయం స్పష్టంగా ఉంది. ఇలాగే సాగితే బ్రిటిష్ వలసలైన కేప్, నాటాల్ కూడా డబ్బున్న ట్రాన్స్‌వాల్ చుట్టూ చేరి, బ్రిటిష్ జెండా లేని ఒక దక్షిణాఫ్రికా సంయుక్త రాష్ట్రం ఏర్పడుతుందని. ఇండియాకి వెళ్ళే ఓడల దారిలో ఉన్న కేప్ రేవు ఆ రాష్ట్రంలో కలిస్తే? నన్నడిగితే ఈ యుద్ధానికి అసలు కారణం ఆ కాగితంలోనే ఉంది.

కానీ "మీరు బలపడుతున్నారు, కాబట్టి కొడతాం" అని ఎవరూ పైకి అనలేరు కదా. అందుకు ఓటు హక్కు పనికొచ్చింది. గనుల కోసం వచ్చిన పరాయివాళ్ళకి, ఎక్కువమంది బ్రిటిష్ వాళ్ళే, పూర్తి ఓటు కావాలంటే 14 ఏళ్ళు నివాసం ఉండాలని 1890లో చట్టం చేశారు. పన్నులు కట్టేది వాళ్ళు, ఓటు లేనిదీ వాళ్ళే. ఫిర్యాదు నిజమైనదే. 1899 మార్చిలో 21 వేల పైచిలుకు సంతకాలతో విక్టోరియా రాణికి అర్జీ వెళ్ళింది. కేప్‌లో బ్రిటిష్ హైకమిషనర్ ఆల్‌ఫ్రెడ్ మిల్నర్ దాన్ని పట్టుకున్నాడు.

మే 31న బ్లూమ్‌ఫోంటైన్‌లో మిల్నర్, క్రూగర్ ఇద్దరూ కూర్చున్నారు. ఓటుకి నివాసం అయిదేళ్ళు చాలు అన్నాడు మిల్నర్. క్రూగర్ బేరమాడుతూ ఏడేళ్ళ దాకా దిగాడు. చివరికి కళ్ళనీళ్ళతో, మీకు కావలసింది ఓటు కాదు, మా దేశం అన్నాడట. ఆగస్టులో క్రూగర్ మనుషులు అయిదేళ్ళకీ ఒప్పుకున్నారు. ఒకే షరతు పెట్టారు, అధిరాజ్యాధికారం మాట ఇకమీద ఎత్తకూడదు, మా లోపలి వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు అని. అడిగిన ఓటు చేతికొచ్చింది, లండన్ తీసుకోలేదు. ఆ షరతు దగ్గరే ఆగిపోయింది. ఓటు కోసమే గొడవైతే యుద్ధం ఆ నెలలోనే తప్పిపోవాలి. ఈ సంక్షోభాన్ని ముందుకు తోసింది తానేనని మిల్నర్ తర్వాత ఉత్తరంలో ఒప్పుకున్నాడు కూడా.

ముందు దెబ్బ కొట్టింది మాత్రం బోయర్లే. దానికీ కారణం ఉంది. సెప్టెంబరులో బ్రిటన్ పదివేల మంది సైన్యాన్ని నాటాల్‌కి పంపాలని నిర్ణయించింది. వాళ్ళలో ఎక్కువ మంది ఇండియా నుంచే, ఇక్కడి కంటోన్మెంట్లలో ఉన్న తెల్ల పటాలాలు. వాళ్ళొచ్చి కుదురుకోకముందే కొట్టకపోతే ఇక కొట్టలేం అని బోయర్లు లెక్కవేశారు. అక్టోబరు 9న గడువు కాగితం (అల్టిమేటం) ఇచ్చారు, 11న సాయంత్రానికి యుద్ధం మొదలైంది. తర్వాతి కథ మీరు చదివే ఉంటారు. బ్రిటన్ నాలుగున్నర లక్షల మందిని దింపింది, పొలాలు తగలబెట్టింది, ఆడవాళ్ళనీ పిల్లల్నీ నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. వాటిలో 28 వేల మంది దాకా బోయర్లు చనిపోతే అత్యధికులు పిల్లలే. నల్లజాతి వాళ్ళకి వేరే శిబిరాలు, లెక్కకి దొరికిన చావులే 14 వేలకు పైన. ప్రిటోరియా పక్కన ఇరీన్‌లో ఆ శిబిరపు శ్మశానం ఉంది. ఒక ఆదివారం వెళ్ళాను. పేర్ల పక్కన వయసులు చదువుతూ పోతే రెండేళ్ళు, నాలుగేళ్ళు, పదకొండు నెలలు. మధ్యలో ఆపేసి వచ్చేశాను.

ఇక మనవాళ్ళ సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలతో డర్బన్ చేరింది. తర్వాతి యాభై ఏళ్ళలో నాటాల్ చెరకు తోటలకి పోయినవాళ్ళలో ఉత్తర సర్కారు జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. డర్బన్‌లో నాయుళ్ళు, రెడ్లు ఇప్పటికీ కనిపిస్తారు, తెలుగు మాత్రం పండగ పాటల్లోనే మిగిలింది. యుద్ధంలో గాంధీగారు కూడగట్టిన డోలీ దళంలో దాదాపు 1,100 మంది భారతీయులుంటే, వాళ్ళలో ఎక్కువమంది ఈ తోట కూలీలే. స్పియన్ కాప్ కొండ కింద నుంచి గాయపడిన తెల్ల సిపాయిల్ని మోశారు.

యుద్ధ కారణాల్లో కూడా మన పేరు వాడుకున్నారు. ట్రాన్స్‌వాల్ 1885 చట్టం ప్రకారం భారతీయుడికి పౌరసత్వం లేదు, చూపించిన వాడలో తప్ప స్థలం కొనే వీల్లేదు. మా ప్రజల్ని ఇలా చూస్తారా అని యుద్ధ మంత్రి లాన్స్‌డౌన్ అప్పట్లో తెగ ఆవేశపడ్డాడు. గెలిచాక? అదే చట్టాన్ని బోయర్లకన్నా గట్టిగా బ్రిటిష్ అధికారులే అమలు చేశారు. 1906లో వేలిముద్రల ఆర్డినెన్స్ తెచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ నాటకశాలలో దానికి లొంగమని మనవాళ్ళు చేసిన ప్రమాణం నుంచే సత్యాగ్రహం పుట్టింది. 1902 వెరీనిఖింగ్ సంధిలో ఎనిమిదో నిబంధన చదవండి. నల్లవాళ్ళకి ఓటు సంగతి బోయర్లకి స్వపరిపాలన తిరిగి ఇచ్చాకే ఆలోచిద్దాం అని ఉంటుంది. మూడేళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఆ ఒక్క విషయంలో చప్పున ఏకాభిప్రాయానికి వచ్చారు.

మీరు అడగలేదు గానీ ఇంకో సంగతి. పట్టుబడ్డ బోయర్లలో తొమ్మిది వేల మంది దాకా ఇండియాకి పంపారు. అహ్మద్‌నగర్, తిరుచిరాపల్లిలతో పాటు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన బళ్ళారిలోనూ వాళ్ళకి శిబిరం ఉండేది. యుద్ధం ముగిశాక ఇంటికి పంపడానికి పెట్టిన షరతు, బ్రిటిష్ రాజుకి విధేయుణ్ణని ఒక కాగితం మీద సంతకం. చాలామంది పెట్టి ఓడెక్కారు. కొందరు ససేమిరా అన్నారు. వాళ్ళ దేశం లేకుండా పోయి ఏడాది దాటినా, ఆ సంతకం పెట్టనని ఇక్కడి ఎండల్లోనే ఉండిపోయారు.